స్వాప్ ఎందుకు పనిచేయలేదంటే

అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

రెండు సంఖ్యలను ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టడానికి నువ్వు రాసి పంపిన స్వాప్ ప్రోగ్రామ్ చూశాను. స్వాప్ ఫంక్షన్ లోపల ప్రింట్ చేస్తే సంఖ్యలు తారుమారైనట్టే కనబడుతున్నాయి, ప్రోగ్రామ్ మొదలయ్యే ఫంక్షన్ అయిన మెయిన్‌లోకి తిరిగొచ్చేసరికి ఎక్కడివక్కడే ఉన్నాయి. రాత్రంతా టెన్షన్ పడ్డానన్నావు. నీ లాజిక్‌లో తప్పేమీ లేదమ్మా.

సీ భాషలో ఫంక్షన్‌కి ఏది పంపినా దాని విలువ కాపీ అయి వెళ్తుంది. మెయిన్‌లో ఎక్స్ 5, వై 7 అనుకో. పిలవగానే ఆ 5, 7 స్వాప్ సొంత వేరియబుల్స్‌లోకి చేరాయి. నీ ఫంక్షన్ వాటిని చక్కగా మార్చింది. పని ముగియగానే అవి పోయాయి. అసలు ఎక్స్, వైల జోలికి ఎవరూ వెళ్లలేదు.

అందుకని వేరియబుల్ అడ్రస్, అంటే మెమరీలో అది ఉన్న చోటు, పంపాలి. పిలిచేటప్పుడు &ఎక్స్, &వై అని రాయి. ఫంక్షన్‌లో పారామీటర్లను ఇంట్ *పీ, ఇంట్ *క్యూ అని తీసుకో. ఇంట్ అంటే పూర్ణసంఖ్య రకం. ఇలా అడ్రస్‌ని దాచుకునే వేరియబుల్‌ని పాయింటర్ అంటారు, *పీ అంటే పీలో ఉన్న అడ్రస్ దగ్గరి విలువ. లోపల *పీ విలువను టెంప్‌లో దాచు, తర్వాత *పీ = *క్యూ, ఆపైన *క్యూ = టెంప్. స్టార్ మరిచి పీ = క్యూ అని రాశావో, ఫంక్షన్ దగ్గరున్న అడ్రస్ మారుతుంది తప్ప మెయిన్‌లో ఏదీ కదలదు.

స్టార్ దగ్గర చాలామంది తడబడతారు. డిక్లరేషన్‌లో ఒక అర్థం, లోపల ఇంకో అర్థం ఉన్నట్టు అనిపిస్తుంది. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో ఈ భాషను రూపొందించిన డెనిస్ రిచీ, డిక్లరేషన్ కూడా వాడకంలాగే కనబడేలా పెట్టారు. ఇంట్ *పీ అని ఉంటే ‘*పీ అనేది ఒక ఇంట్’ అని చదువుకో, గందరగోళం చాలావరకు పోతుంది.

స్కాన్‌ఎఫ్‌లో (కీబోర్డు నుంచి విలువ తీసుకునే ఫంక్షన్) ఇంట్ చదివేటప్పుడు & పెట్టేది కూడా ఇందుకే. అది నీ వేరియబుల్‌లో విలువ వేయాలి కదా! అర్రేకి (వరుసగా ఉంచిన విలువల గుంపు) మాత్రం & అక్కర్లేదు, ఫంక్షన్‌కి పంపితే దాని మొదటి ఎలిమెంట్ అడ్రసే వెళ్తుంది. సైజు వెంట రాదు, విడిగా పంపు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది: పాయింటర్‌ని పంపినా వెళ్లేది కాపీయే. ఉద్యోగంలో చేరిన కొత్తలో లింక్‌డ్ లిస్ట్ ముందు నోడ్ చేర్చే ఫంక్షన్ రాశాను. నోడ్ అంటే ఒక విలువ, తర్వాతి నోడ్ అడ్రస్ ఉండే డబ్బా. అలాంటివి గొలుసులా కలిస్తే లింక్‌డ్ లిస్ట్, మొదటి నోడ్‌ని చూపే పాయింటర్ హెడ్. హెడ్‌ని పంపి, లోపల దానికి కొత్త నోడ్ అడ్రస్ ఇచ్చాను. బయట లిస్ట్ ఖాళీగానే ఉంది. రెండు రోజులు మెమరీ కేటాయించే మాలాక్‌నే అనుమానిస్తూ కూర్చున్నాను. ఇంట్‌ని మార్చాలంటే ఇంట్ అడ్రస్ కావాలి, హెడ్ అనే పాయింటర్‌ని మార్చాలంటే హెడ్ అడ్రస్ కావాలి. అంటే &హెడ్ పంపి, అక్కడ రెండు స్టార్లతో తీసుకోవాలి. లేదా కొత్త హెడ్‌ని రిటర్న్ చేసి, పిలిచినచోట దాచుకోవాలి. చిన్న ప్రోగ్రామ్‌లకు నాకు రెండోదే ఇష్టం.

జాగ్రత్తలు కొన్ని. ఫంక్షన్ లోపలి మామూలు లోకల్ వేరియబుల్ అడ్రస్‌ని ఎప్పుడూ రిటర్న్ చేయకు. ఒక్కోసారి సరైన విలువే కనబడి మోసపోతావు. ఏ అడ్రసూ ఇవ్వని పాయింటర్‌లో విలువ వేయకు. విలువని ఒకటి పెంచాలంటే (*పీ)++ అని బ్రాకెట్లు పెట్టు. *పీ++ అంటే పాయింటరే ముందుకు జరుగుతుంది. ఫంక్షన్ చదవడమే తప్ప మార్చకూడదనుకుంటే పారామీటర్‌కి ముందు కాన్స్ట్ అనే మాట తగిలించు, పొరపాటున మారిస్తే కంపైలరే ఆపుతుంది.

కోడ్ రాసేముందు కాగితం మీద డబ్బాలు గీయి. మెయిన్ డబ్బాలు ఒకపక్క, ఫంక్షన్ డబ్బాలు ఇంకోపక్క, పీ నుంచి ఎక్స్‌కి బాణం. నేను ఇప్పటికీ గీస్తాను.

ఈ ఆదివారంలోగా ఒక ఫంక్షన్ రాయి: రెండు సంఖ్యలు తీసుకుని భాగఫలం, శేషం రెండూ మెయిన్‌కి అందించాలి. భాజకం సున్నా అయితే ఏం చేయాలో కూడా ఆలోచించు. కోడ్‌తోపాటు నువ్వు గీసిన బొమ్మ కూడా ఫోటో తీసి పంపు, ముందు అదే చూస్తాను.

ఇట్లు,
మావయ్య