సున్నం వేసిన గోడ రెండు మూడు రోజులకు గానీ ఎందుకు తెల్లగా మెరవదు?

తడి ఆరడం ఒక్కటే కారణం కాదు. పొడి సున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. నీళ్లు పోయగానే బుసబుసా పొంగి, డ్రమ్ము చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. ఇది ఉష్ణమోచక చర్య, అంటే వేడిని బయటకు వదిలే చర్య. అలా తయారైన కాల్షియం హైడ్రాక్సైడ్‌నే గోడకు పూస్తాం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉన్నది సుమారు 0.04 శాతమే. అయినా అది ఈ పూతతో మెల్లగా కలిసి, పాలరాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్ పొరను గోడ మీద ఏర్పరుస్తుంది. ఆ తెల్లని మెరుపు ఈ పొరదే. పరీక్షలో చాలామంది ‘నీరు ఆవిరైంది’ అని రాసి ఆపేస్తారు, మార్కులు పోయేది అక్కడే.

సున్నపు తేటలోకి స్ట్రాతో ఊదితే (ఊదాలి, పీల్చకూడదు!) మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి పాలలా మారేదీ ఈ చర్య వల్లే. ఇంకా ఊదుతూ పోతే మళ్లీ తేటపడుతుంది, ఎందుకంటే నీటిలో కరిగే కాల్షియం బైకార్బొనేట్ ఏర్పడుతుంది.