పసుపు తిరిగిన టోఫును పారేయకండి

మొన్న శనివారం పొద్దున్నే ఫోను. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఈ మధ్యే కాపురం పెట్టిన అమ్మాయి. గొంతులో కంగారు.

"అక్కా, ఫ్రీజర్‌లో పెట్టిన టోఫు పసుపు రంగుకు తిరిగింది. డబ్బా మీద తేదీ ఇంకా దాటలేదు. పాడైపోయినట్టేనా? పారేయమంటారా?"

"పారేయకమ్మా. కరగనివ్వు, మళ్ళీ తెల్లబడుతుంది" అన్నాను.

అంత ధీమాగా చెప్పాను గానీ, 2009లో డాలస్‌కు కొత్తగా వచ్చినప్పుడు నేను చేసిన పని అదే. చవకగా ఇస్తున్నారని నాలుగు డబ్బాల టోఫు (సోయా పాలతో చేసే పనీరు లాంటిది) కొని, మూడింటిని ఫ్రీజర్‌లో పడేశాను. వారం తరవాత తీసి చూస్తే రాయిలా గట్టిపడి, పాత వెన్నలా పసుపు పచ్చగా ఉన్నాయి. దుకాణం వాళ్ళు పాత సరుకు అంటగట్టారని తిట్టుకుంటూ మూడింటినీ చెత్తబుట్టలో వేశాను. వాళ్ళ తప్పేమీ లేదు పాపం. గడ్డకట్టినప్పుడు పసుపు తిరగడం, కరిగాక మళ్ళీ తెల్లబడటం టోఫుకు మామూలే. ఆ సంగతి చెప్పేవాళ్ళు అప్పట్లో నాకు లేరు. మీకు నేను చెబుతున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళు, ముఖ్యంగా శాకాహారులు, మొదటి నెలలోనే టోఫు జోలికి వెళతారు. పనీరు కంటే బాగా చవక. ఇండియన్ దుకాణం దాకా వెళ్ళనవసరం లేకుండా మామూలు కిరాణాలోనే దొరుకుతుంది. లేబుల్ చూస్తే 3 ఔన్సుల ముక్కకు 8 నుంచి 10 గ్రాముల దాకా మాంసకృత్తులు. ఇంకేం కావాలి అనుకుని తెచ్చి, పనీరు కూర చేసినట్టే చేస్తారు. తిన్నాక మొహం చిట్లిస్తారు. పులుసు పులుసే, ముక్క ముక్కే. పైన కారం, లోపల నీళ్ళు. ఒకసారి అలా అయ్యాక ఇక టోఫు పేరెత్తరు. ఎంతమంది ఇళ్ళలో చూశానో.

తప్పు వంటది కాదు. సోయా చిక్కుళ్ళను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను విరిచి గట్టిపరిస్తే టోఫు అవుతుంది. విరవడానికి కొందరు జిప్సం వాడతారు, కొందరు సముద్రపు ఉప్పు తీయగా మిగిలే మెగ్నీషియం క్లోరైడ్ వాడతారు. ఎలా చేసినా అందులో చాలా భాగం నీరే. అప్పటికే కడుపు నిండా నీళ్ళు తాగి కూర్చున్న ముక్క మీ పులుసును ఎక్కడ పెట్టుకుంటుంది? ముందు ఆ నీటిని బయటికి పంపాలి. బరువు పెట్టి అదిమితే కొంత పోతుంది. గడ్డకట్టిస్తే చాలావరకు పోతుంది.

నిండుగా నీళ్ళు పోసి మూత బిగించిన సీసాను ఫ్రీజర్‌లో మరిచిపోతే ఏమవుతుందో తెలుసు కదా. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది, సీసా పగులుతుంది. టోఫు లోపల జరిగేదీ అదే. చుక్క చుక్క నీరూ మంచు పలుకుగా మారి, చుట్టూ ఉన్న మెత్తటి పదార్థాన్ని పక్కకు నెట్టి, తన చోటు తాను చేసుకుంటుంది. కరిగాక నీరు కారిపోతుంది, ఆ చోటు మాత్రం కంతగా మిగిలిపోతుంది. కరిగిన టోఫును కోసి చూడండి. వేడి ఇడ్లీని విరిస్తే కనిపించేలాంటి కంతలుంటాయి, కాకపోతే పొరలు పొరలుగా. చేత్తో నొక్కితే స్పాంజిలా అణిగి మళ్ళీ లేస్తుంది. మన మీల్ మేకర్‌కు దగ్గరి చుట్టంలా ఉంటుంది, ఆ వాసన లేకుండా.

అందుకే టోఫును దాచుకోవడానికి ఫ్రీజర్‌లో పెడుతున్నానని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చారునో పచ్చడినో ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే అదే చారు, అదే పచ్చడి. టోఫు వేరే వస్తువై వస్తుంది. ఫ్రీజర్‌లో పెట్టడం దాని వంటలో మొదటి మెట్టు అనుకోండి. మెత్తగా, వెన్నలా జారిపోయే ముక్కలే మీకిష్టమైతే అసలు పెట్టకండి.

ఈ జ్ఞానం నాకు కలగడానికి పన్నెండేళ్ళు పట్టింది, అదీ కరెంటు పోబట్టి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుపాను ముంచెత్తింది. ఆ 16వ తేదీన డాలస్ విమానాశ్రయంలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 19. ఇంట్లో ఫ్రీజర్‌ను ఉంచమనేది 0 ఫారన్‌హీట్ దగ్గర. బయట ఫ్రీజర్ కంటే చలి, లోపల ఫ్రిజ్ పనిచేయదు! ఫ్రిజ్‌లోని సామానంతా మంచుపెట్టెలో సర్ది పెరట్లో పెట్టాం. (అలా పెట్టవద్దనే ఆరోగ్యశాఖ వాళ్ళు చెబుతారు. మధ్యాహ్నం ఎండ తగిలితే లోపల వేడెక్కుతుంది, ఉడతలూ రకూన్లూ తిరుగుతుంటాయి. ఆ రోజు మాకు అంత ఆలోచన లేదు.) అందులో ఒక టోఫు డబ్బా కూడా ఉంది. రెండో రోజు తీస్తే మళ్ళీ అదే పసుపు రాయి.

పారేయబోతుంటే పక్కింటి చైనా పెద్దావిడ చూసి చేయి పట్టుకున్నంత పని చేసింది. వాళ్ళ ఊళ్ళో చలికాలం వస్తే వాళ్ళమ్మ కావాలనే టోఫును కిటికీ బయట పెట్టేదట. గడ్డకట్టాక కరిగించి, మరిగే రసంలో వేసుకుని తినేవారట. గ్యాసు పొయ్యిని అగ్గిపుల్లతో వెలిగించి, ఉన్న చింతపండుతో పులుసు పెట్టి, ఆ ముక్కలు వేశాను. ముక్క కొరికితే లోపలి నుంచి పులుసు ఊరింది. మా ఇంట్లో అన్నేళ్ళలో ఎవరూ టోఫును రెండోసారి వడ్డించమని అడగలేదు. ఆ రోజు అడిగారు.

తరవాత తెలిసింది, జపాన్‌లో దీనికి పెద్ద చరిత్రే ఉందని. వకయామా ప్రాంతంలోని కోయా కొండ మీద 816లో కూకై అనే బౌద్ధ గురువు మఠం నెలకొల్పాడు. అక్కడి సన్యాసులు శాకాహారులు. చలి రాత్రి బయట ఉండిపోయిన టోఫు గడ్డకట్టడం చూసి వాళ్ళే ఈ పద్ధతి కనిపెట్టారని చెప్పుకుంటారు. గడ్డకట్టించి, కరిగించి, ఎండబెట్టిన ఆ రకాన్ని ఇప్పటికీ కోయా దోఫు అనే పిలుస్తారు. జపాన్ దుకాణాల్లో బిస్కెట్లలా తేలికైన పలకలుగా దొరుకుతుంది. మనకు ఎండ ఉంది కనుక వడియాలూ ఒరుగులూ పెట్టుకున్నాం. వాళ్ళకు చలి ఉంది, దాన్ని వాడుకున్నారు.

సరే, చేసే పద్ధతి. గట్టి రకం కొనండి, డబ్బా మీద ఫర్మ్ అనో ఎక్స్‌ట్రా ఫర్మ్ అనో ఉంటుంది. సిల్కెన్ అని రాసి ఉన్నది జున్ను లాంటిది. గడ్డకట్టించి తీస్తే పిండడానికి లేకుండా చిదురుపలై చేతిలో మిగులుతుంది. సోమరితనం ఉంటే డబ్బాను విప్పకుండానే ఫ్రీజర్‌లో పెట్టేయవచ్చు, నేను చాలాసార్లు అదే చేస్తాను. నీరు వ్యాకోచించి పై పొర ఉబ్బుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది, కాబట్టి కింద ఒక పళ్ళెం పెట్టుకోండి. దిమ్మ మొత్తంగా పెడితే నిదానంగా గడ్డకట్టి పెద్ద కంతలు పడతాయి. ముక్కలు కోసి, పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, గట్టిపడ్డాక జిప్ కవర్లో వేసుకుంటే కంతలు చిన్నవవుతాయి గానీ, ఆఫీసు నుంచి వచ్చాక గుప్పెడు తీసుకుని వాడుకోవచ్చు. ఎలా పెట్టినా ఒక రోజు పూర్తిగా ఉండనివ్వండి. మధ్యలో ఇంకా మెత్తగా ఉండగా తీస్తే అంచులు స్పాంజి, నడుమ జున్ను. మూడు నాలుగు నెలల్లో వాడేయండి, ఆపైన అంచులు ఎండిపోయి రుచి తగ్గుతుంది.

కరిగించడంలోనే చాలామంది తొందరపడతారు. పొద్దున తీసి వంటింటి గట్టు మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోతారు. అలా చేయకండి. పైభాగం ముందే కరిగి 40 ఫారన్‌హీట్ దాటిందంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. రెండు గంటలకు మించి త్వరగా పాడయ్యే ఏ పదార్థాన్నీ అలా బయట ఉంచకూడదని ఇక్కడి నియమం. ముందు రోజు ఉదయమే ఫ్రిజ్ కింది అరలోకి మార్చితే మర్నాడు సాయంత్రానికి సిద్ధం. దిమ్మ కరగడానికి ఒక రాత్రి చాలదు, చాలామంది చాలుతుందనుకుంటారు. అంత వ్యవధి లేకపోతే నీరు చొరని కవర్లో పెట్టి చన్నీళ్ళలో ముంచండి, అరగంటకోసారి నీళ్ళు మార్చండి. అదీ కుదరదంటే మరుగుతున్న ఉప్పునీళ్ళలో గడ్డనే వేసేయండి. నా ఓటు దీనికే. పదిహేను నిమిషాల్లో కరుగుతుంది, చప్పదనమూ కాస్త తగ్గుతుంది. చల్లారాకే ముట్టుకోండి సుమా, లోపల మరిగిన నీళ్ళు దాక్కుని ఉంటాయి.

పిండేటప్పుడు తడిబట్టను పిండినట్టు మెలితిప్పకండి, విరిగిపోతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి, నమస్కారం పెట్టినట్టు నెమ్మదిగా అదమండి. నీరు ధారగా కారుతుంది. కారడం ఆగిందనుకున్నాక తిప్పి పెట్టి మళ్ళీ అదమండి, ఇంకొంచెం వస్తుంది. దిమ్మ తేలికైపోయి, చేతికి తడిసిన స్పాంజిలా తగలాలి.

ఇక రుచి పట్టించడం. చిక్కటి మసాలా ముద్ద పూస్తే కంతల్లోకి దిగదు, పైనే అట్ట కడుతుంది. పలచటిదే దిగుతుంది. పులుసు చేసేటప్పుడు నిమ్మకాయంత చింతపండు తీసుకుని, మామూలు కంటే ఒక గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి, ఉప్పు కారం కాస్త ముందుగా ఉండేలా చూసుకోండి. ముక్కలు తాగేస్తాయి కనుక చివరికి సరిపోతుంది. లేకపోతే అర్ధగంటలో పులుసు మాయమై వేపుడు మిగులుతుంది! ముక్కలను ముందు పెనం మీద రెండు చెంచాల నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించి, మరుగుతున్న పులుసులో పది నిమిషాలు ఉంచి దించండి. పొద్దున వండి రాత్రి తింటే ఇంకా బాగుంటుంది. చేత్తో చిదిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చితో పొరటు చేస్తే గుడ్డు తినని ఇళ్ళలో పిల్లలు చపాతీలోకి ఇష్టంగా తింటారు. గోంగూరతో కూడా చేశాను, పులుపు లోపలిదాకా ఎక్కి మరీ ఘాటైపోయింది. మావారికి నచ్చింది, నాకు నచ్చలేదు.

నూనెలో వేయించేవాళ్ళకు ఒక్క మాట. గడ్డకట్టిన ముక్కను, సరిగా పిండని ముక్కను కాగిన నూనెలో వేయకండి. నూనె ఎగిరి మీద పడుతుంది. ఆ చిటపటలకు లేచిన పొగతో అపార్ట్‌మెంటులో పొగ గంట మోగిందంటే, భవనం మొత్తం మీ వంట పేరు తెలుసుకుంటుంది.

కొనేటప్పుడు శాకాహారులు ఇంకొకటి గమనించాలి. ఆసియా దుకాణాల్లో గొట్టాల్లాంటి ప్యాకెట్లలో లేత పసుపు రంగులో ఒక టోఫు ఉంటుంది. అది గుడ్డుతో చేసేది. పేరులో టోఫు ఉందని తెచ్చుకుని, రెండుసార్లు తిన్నాక లేబుల్ చదివి బాధపడిన వాళ్ళు నాకు తెలుసు. హోటళ్ళలోనూ అంతే. టోఫు వంటకం కదా అని తెప్పించుకుంటే చైనావారి మాపో టోఫులో మాంసం ఉంటుంది, కొరియావారి టోఫు పులుసుకు చాలాచోట్ల ఎండుచేపల రసమే ఆధారం. అడిగి తెప్పించుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రకూ సోయాకూ మధ్య ఎంత ఎడం ఉండాలో డాక్టరును అడగండి. మాత్ర ఒంటికి పట్టడాన్ని సోయా తగ్గించగలదు.

ఫ్రీజర్‌లో ఉబ్బిన డబ్బాకు భయపడనవసరం లేదు, అది మంచు పని. ఫ్రిజ్‌లోనే, గడ్డకట్టకుండానే ఉబ్బిందా, మారు మాట్లాడకుండా పారేయండి. జిగురు, పుల్లటి వాసన ఉన్నా అంతే. విప్పాక మిగిలిన టోఫును మంచినీళ్ళలో ముంచి, రోజూ నీళ్ళు మారుస్తూ మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. లోపల ఇంకా మంచు పలుకులు కనిపిస్తుంటే మళ్ళీ గడ్డకట్టనివ్వవచ్చు. టోఫుకు దానివల్ల నష్టం లేదు సరికదా, రెండోసారి గడ్డకడితే కంతలు ఇంకా బాగా పడతాయి.

ఆ అమ్మాయి సాయంత్రం మళ్ళీ ఫోను చేసింది.

"తెల్లబడింది అక్కా. పిండాను కూడా. గిన్నెడు నీళ్ళు వచ్చాయి. పప్పు కట్టులాగే ఉన్నాయి, పారబోయడానికి మనసు రావడం లేదు. చారు పెట్టవచ్చా?"

"నేను పెట్టి చూశానమ్మా" అన్నాను. "సింకులో పోసేయ్."