క్రిబ్ బోసిగా ఉందని బెంగ వద్దు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే ఎక్కువ భాగం క్రిబ్ గురించే, అంటే చుట్టూ ఊచలుండే పసిపిల్లల మంచం గురించే. నవజాత శిశువుల వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి ఈ ప్రశ్నలు నాకు కొత్త కావు. అయితే ఒకటి గమనించాను. క్రిబ్‌లో ఇంకా ఏం పెట్టమంటారు అని అడిగినవాళ్లే తప్ప, అందులోంచి ఏం తీసేయమంటారు అని అడిగినవాళ్లు లేరు. అందుకే ముందుగా ఈ ఉత్తరానికి జవాబిస్తున్నాను.

*ప్రశ్న: మా పాపకు రెండు నెలలు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఏదో ఒకటి తెచ్చారు. మెత్తటి దిండు, బొంత, క్రిబ్ చుట్టూ లోపలివైపు కట్టే మెత్తలు, పాపకంటే పెద్ద ఎలుగుబంటి బొమ్మ. అన్నీ సర్దితే ఎంతో ముచ్చటగా ఉండేది. డాక్టరుగారు ఫొటో చూసి అన్నీ తీసేయమన్నారు. ఇప్పుడు క్రిబ్ బోసిగా ఉంది. ‘పసిగుడ్డును చెక్క మీద పడుకోబెట్టినట్టుంది’ అని అత్తగారు బాధపడుతున్నారు. నాకూ మనసొప్పడం లేదు. కనీసం చిన్న దిండు, పల్చటి దుప్పటి అయినా ఉంచకూడదా?*

జవాబు: వద్దు తల్లీ. మీ డాక్టరుగారు సరిగ్గా చెప్పారు. రెండు నెలల పాపకు మెడ ఇంకా నిలవదు. మనకైతే నిద్రలో ముక్కుకు ఏదైనా అడ్డం పడితే వెంటనే తల తిప్పుకుంటాం. పాప తిప్పుకోలేదు. ముఖం దిండులోనో బొంతలోనో కూరుకుపోతే, వదిలిన గాలి అక్కడే నిలిచి, అదే గాలిని మళ్లీ పీలుస్తుంది. అందులో ప్రాణవాయువు తగ్గుతూ పోతుంది. పెద్దగా ఏడుపు గానీ పెనుగులాట గానీ ఉండకపోవచ్చు. పక్క గదిలో ఉన్నవాళ్లకే కాదు, పక్కనే ఉన్నవాళ్లకు కూడా తెలియకపోవచ్చు.

ఏ జబ్బూ లేని బిడ్డ నిద్రలోనే ప్రాణం పోగొట్టుకుంటే, ఎంత పరిశీలించినా కారణం దొరకకపోతే దాన్ని డాక్టర్లు ‘సిడ్స్’ అంటారు. ఏడాదిలోపు పిల్లల్లో ఎప్పుడైనా రావచ్చు గానీ అత్యధికం ఆరు నెలల్లోపే. అందులోనూ రెండు నుంచి నాలుగు నెలల మధ్య ముప్పు ఎక్కువ. మీ పాప ఇప్పుడు ఆ వయసులోనే ఉంది. ఇది మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. ఇలా జరగడం అరుదు. ఆ అరుదైనదాన్ని ఇంకా దూరం పెట్టే పని చాలావరకు మన చేతుల్లోనే ఉంది కాబట్టి చెబుతున్నాను.

ఇక దిండు సంగతి. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది. దాని కింద దిండు పెడితే గడ్డం ఛాతీకి ఆనుతుంది, గొంతులో గాలి వెళ్లే దారి ఇరుకవుతుంది. కాబట్టి చిన్న దిండయినా సరే, ఏడాది దాటేదాకా దాని మాటే వద్దు. చుట్టూ కట్టే మెత్తలు తల కొట్టుకోకుండా ఉంటాయని కొంటారు. కానీ రెండు నెలల పాప దెబ్బ తగిలేంత గట్టిగా కొట్టుకోలేదు. కాస్త పెద్దయ్యాక కొట్టుకున్నా చిన్న బొప్పి కడుతుందేమో, అంతే. ఆ మెత్తకు ముఖం ఆనితే మాత్రం ఊపిరాడదు, దాని తాళ్లు మెడకు పడొచ్చు. అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ వీటి తయారీ, అమ్మకం ఆపేశారు. ఊచల మధ్య గాలి ఆడే వల రకం వస్తోంది, అది సురక్షితం అంటారు. నేనైతే అదీ వద్దంటాను.

చలిగా ఉంటే దుప్పటికి బదులు తొడిగే స్లీపింగ్ బ్యాగ్ వాడండి. భుజాల దగ్గర, మెడ దగ్గర సరిగ్గా సరిపోవాలి, లోపలికి తల జారకూడదు. లోపల బరువు నింపిన రకం మాత్రం కొనకండి. పాప ఛాతీ మీద బరువు ఉండకూడదు.

‘చెక్క మీద పడుకోబెట్టినట్టు’ అన్న మీ అత్తగారి బాధ నాకు అర్థమవుతుంది. మనకు మెత్తగా ఉంటేనే సుఖం కాబట్టి బిడ్డకూ అంతే అనుకుంటాం. ఆవిడను ఒకసారి క్రిబ్ దగ్గరికి పిలిచి పరుపు మీద అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కమనండి. చెయ్యి తీయగానే గుంట పడకుండా పరుపు మళ్లీ సమంగా రావాలి. గుంట మిగిలిందంటే పాప తల కిందా అలాగే మిగులుతుంది. తర్వాత పరుపుకీ క్రిబ్ గోడకీ మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లు పట్టేంత సందు ఉందంటే ఆ పరుపు ఆ క్రిబ్‌ది కాదు. పరుపు మీద బిగుతుగా పట్టే షీటు ఒక్కటి, దాని మీద పాప. అంతే ఉండాలి. ఎలుగుబంటి అలమర మీద కూర్చుంటుంది, పాప మెలకువగా ఉన్నప్పుడు దింపి ఆడించండి. పాప సుఖం కడుపు నిండటంలో, ఒళ్లు పొడిగా ఉండటంలో, మీ గొంతు వినబడటంలో ఉంది. క్రిబ్ నిండా సామాను ఉండటంలో లేదు.

*ప్రశ్న: మా పిల్లల్ని మేము బోర్లా పడుకోబెట్టే పెంచాం. హాయిగా గంటల తరబడి నిద్రపోయేవారు. ఇప్పుడు నా కోడలు మనవణ్ణి వెల్లకిలానే పడుకోబెట్టాలంటోంది. వాడు పాలు తాగాక కక్కుతాడు. వెల్లకిలా ఉంటే ఆ పాలు గొంతుకు అడ్డం పడవా? పక్కకు తిప్పి పడుకోబెడితే మధ్యేమార్గంగా ఉంటుంది కదా?*

జవాబు: అమ్మా, మీరు చేసింది ఆ రోజుల్లో డాక్టర్లు చెప్పిందే. కక్కితే పాలు బయటికి పోతాయి, మంచిదని వాళ్లే అనేవారు. తర్వాత ఒక్కో దేశంలో లెక్కలు తీస్తే, నిద్రలో పోయిన పిల్లల్లో బోర్లా పడుకున్నవాళ్లు ఎక్కువని తేలింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1992లో సలహా మార్చింది. 1994లో అక్కడ దేశమంతటా ప్రచారం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఏళ్లలో సిడ్స్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. పడుకోబెట్టే తీరు మార్చినందుకు ఇన్ని ప్రాణాలు నిలిచాయి. నా ఉద్యోగంలో ఇంతకంటే చవకైన మందును నేను చూడలేదు.

మీ భయం పాల గురించి. గొంతులో రెండు గొట్టాలుంటాయి. గాలి వెళ్లేది ముందు వైపు, పాలు వెళ్లేది దాని వెనక. బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలి గొట్టం పైన, పాల గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు గాలి గొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. అదే బోర్లా పడుకుంటే పాల గొట్టం పైకి వస్తుంది, పాలు జారితే సరాసరి గాలి దారి మొదట్లోకే చేరతాయి. పైగా పసివాళ్లు వెల్లకిలా ఉన్నా మింగడం, దగ్గడం చేసుకుంటారు. కాబట్టి కక్కే బిడ్డకూ వెల్లకిలానే మేలు. క్రిబ్ తలవైపు ఎత్తు పెట్టడం వల్ల లాభం లేదు, వాడు కిందికి జారతాడు. పాలు పట్టాక కాసేపు భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి, అది మీకు నేను నేర్పక్కర్లేదు.

పక్కకు పడుకోబెట్టడం మధ్యేమార్గం కాదమ్మా. పక్కకు ఉన్న బిడ్డ ఇట్టే బోర్లా పడిపోతాడు. ఇక మీరన్న ‘హాయిగా గంటల తరబడి’ నిద్ర సంగతి. బోర్లా ఉన్న పిల్లలు గాఢంగా నిద్రపోయే మాట నిజమే. చిక్కల్లా అక్కడే. ఊపిరికి ఇబ్బంది అయినప్పుడు చటుక్కున మెలకువ రావాలి, ఆ గాఢనిద్రలో రాదు. మధ్యమధ్యలో లేస్తున్నాడని కోడల్ని తప్పుపట్టకండి.

*ప్రశ్న: మా బాబు వెల్లకిలా పడుకునీ పడుకునీ తల వెనక చదునుగా అయింది. తల గుండ్రంగా వచ్చే దిండు అని అమ్ముతున్నారు, కొనమంటారా?*

జవాబు: కొనకండి. ఆ దిండ్లు వాడొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజూ కొన్నిసార్లు బోర్లా వేసి ఆడించండి. మొదట్లో రెండు మూడు నిమిషాలకే ఏడుస్తాడు, పర్వాలేదు, మెల్లగా పెంచండి. ఒకరోజు తల క్రిబ్‌కు ఇటువైపు, మరుసటి రోజు అటువైపు పెట్టండి. వెలుతురు, మనుషులు ఉన్నవైపు పిల్లలు తల తిప్పుతారు కాబట్టి ఒత్తిడి ఒకేచోట పడదు. తల ఎప్పుడూ ఒకేవైపు తిప్పుతూ, రెండోవైపు తిప్పలేకపోతుంటే మాత్రం డాక్టరుకు చూపించండి. మెడ కండరం బిగుసుకుపోయి ఉండొచ్చు.

*ప్రశ్న: చేతుల్లో ఉన్నంతసేపూ నిద్రపోతాడు, క్రిబ్‌లో దించగానే ఉలిక్కిపడి లేస్తాడు. ఇక వేరే దారి లేక రాత్రిళ్లు సోఫాలో ఒరిగి వాణ్ణి గుండెల మీద వేసుకుని నిద్రపోతున్నాను. చాలా నీరసంగా ఉంది.*

జవాబు: ముందు సోఫా మానేయండమ్మా, ఈ రాత్రి నుంచే. పసిబిడ్డతో కలిసి నిద్రపోవడానికి అంతకంటే ప్రమాదమైన చోటు లేదు. మీ ఒంటికీ మెత్తకీ మధ్య ఎప్పుడు జారిపోతాడో మీకు తెలియదు. పాలిస్తూ కునుకు పడుతుందని అనిపిస్తే సోఫా కంటే దిండ్లు, దుప్పట్లు తీసేసిన మంచం నయం. మెలకువ రాగానే క్రిబ్‌లోకి మార్చండి. క్రిబ్‌ను మీ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేలా పెట్టుకోండి. కనీసం ఆరు నెలలు మీ గదిలోనే ఉంచడం మంచిది.

ఉలిక్కిపాటుకు కారణం ఉంది. తల కిందికి జారినట్టు అనిపిస్తే పడిపోతున్నామన్న భావనతో పిల్లలు రెండు చేతులూ విసురుతారు. అది పుట్టుకతో వచ్చేదే, కొన్ని నెలలకు తగ్గిపోతుంది. అందుకని దించే తీరు మార్చండి. నిద్రపోయిన వెంటనే దించకండి. రెప్పలు అదురుతున్నా, పెదవులు కదులుతున్నా ఇంకా పైపై నిద్రే. పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి, వాడి చెయ్యి మెల్లగా ఎత్తి వదలండి. జారిపోయినట్టు పడిందంటే గాఢనిద్రలోకి వెళ్లాడు. అప్పుడు మీరు క్రిబ్ మీదికి బాగా వంగి, వాడు మీ ఛాతీకి ఆని ఉండగానే కిందికి వెళ్లండి. ముందు పాదాలు, తర్వాత పిరుదులు, వీపు, చిట్టచివర తల. తల కింది చెయ్యి వెంటనే లాగేయకండి. రెండో చెయ్యి ఛాతీ మీద తేలిగ్గా ఆనించి, నాలుగైదు ఊపిర్లు లెక్కపెట్టి, ఒక్కో వేలూ తీసినట్టు తీయండి. వార్డులో కొత్త తల్లులకు నేను చేయించి చూపించేది ఇదే. కొన్నిసార్లు అప్పటికీ లేస్తాడు, మళ్లీ చేయాలి.

ఇంకోటి. నిద్రలో పిల్లలు మూలుగుతారు, ఒళ్లు విరుచుకుంటారు, ముఖం చిట్లిస్తారు. ప్రతి చప్పుడుకీ ఎత్తుకుంటే నిజంగా నిద్రపోతున్నవాణ్ణి మీరే లేపినవాళ్లవుతారు. కొద్దిసేపు చూడండి. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే రాత్రిలో ఒక పూట వాళ్లకు అప్పగించి మీరు నిద్రపోండి. అడగడానికి మొహమాటపడకండి.

*ప్రశ్న: రాత్రి పాప చేతులు, కాళ్లు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి. టోపీ, సాక్సులు, రెండు చొక్కాలు వేస్తున్నాను. చాలా?*

జవాబు: ఎక్కువ. పసిపిల్లల చేతులు, పాదాలు చల్లగా ఉండటం మామూలే. వాటిని బట్టి చలి లెక్క కట్టకండి. మెడ వెనకగానీ పొట్ట మీదగానీ చెయ్యి పెట్టి చూడండి. అక్కడ గోరువెచ్చగా, పొడిగా ఉంటే సరి. చెమటగానో వేడిగానో ఉంటే ఒక పొర తీసేయండి. మీ ఒంటి మీద ఉన్నదానికంటే ఒక్క పొర ఎక్కువ చాలు. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ వద్దు. వేడెక్కడం వల్ల కూడా ముప్పు పెరుగుతుంది. ఫ్యాను నిశ్చింతగా వేసుకోవచ్చు. ఇంట్లో పొగతాగేవాళ్లుంటే ఆ గదిలోనే కాదు, అసలు ఇంట్లోనే తాగనివ్వకండి.

*ప్రశ్న: మా బాబుకు అయిదు నెలలు. వెల్లకిలా పడుకోబెడితే అర్ధరాత్రి వాడే బోర్లా తిరుగుతున్నాడు. నేను, మా ఆవిడ వంతులేసుకుని తిప్పుతున్నాం. టెన్షన్‌తో నిద్ర లేదు.*

జవాబు: వాడు అటూ ఇటూ రెండు వైపులా తనంతట తాను తిరగగలిగితే మీరు కాపలా ఉండక్కర్లేదు బాబూ. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా వేయండి, ఆ తర్వాత వాడు ఎలా తిరిగినా వదిలేయండి. ఒకవైపే తిరగడం వచ్చి, వెనక్కి రావడం రాకపోతే, మీరు చూసినప్పుడు సర్దండి. పగలు బోర్లా వేసి ఆడిస్తే రెండోదీ తొందరగా వస్తుంది. గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటు ఉంటే మాత్రం తక్షణం మానేయండి. చేతులు కట్టేసి ఉంటే బోర్లా పడ్డాక లేవలేడు. క్రిబ్ పైన వేలాడే బొమ్మల గుత్తి ఉంటే ఇప్పుడే తీసేయండి, చేతుల మీద లేచే వయసు వచ్చేసింది. పరుపు కూడా ఒక మెట్టు దించండి. కూర్చోవడం మొదలయ్యేలోపు ఇంకా దించాలి, నిలబడేనాటికి అట్టడుగుకు రావాలి.

*ప్రశ్న: మా అక్క తన పిల్లలు వాడిన క్రిబ్ ఇస్తానంటోంది. పాతదే గానీ గట్టిగానే ఉంది. తీసుకోవచ్చా?*

జవాబు: ప్రేమగా ఇస్తున్నది కాబట్టి కాదనడం కష్టమే, కానీ చూసి తీసుకోండి. ఒకవైపు గోడ కిందికి జారే రకమైతే వద్దు. ఆ గోడ ఊడి సందులో పిల్లలు ఇరుక్కుని పోయిన ఘటనల వల్ల అమెరికాలో 2011లో వాటిని నిషేధించారు. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు దాటకూడదు. కూల్‌డ్రింక్ క్యాన్ ఆ సందులోంచి దూరిందంటే క్రిబ్ పనికిరాదు. మూలల్లో గుబ్బలు పైకి పొడుచుకుని ఉంటే బట్టలు తగులుకుంటాయి. ప్రతి ఊచనూ పట్టుకుని ఊపండి, కదలకూడదు. రంగు పెచ్చులూడుతోందేమో చూడండి, పళ్లు వచ్చే పిల్లలు కమ్మీలు కొరుకుతారు. ఊడిపోయిన నట్టు స్థానంలో చేతికి దొరికింది బిగించి ఉంటే అది తీసుకోవద్దు, ఆ మోడల్‌కు సరిపోయే భాగం దొరికితేనే వాడాలి. పరుపు మాత్రం కొత్తది కొనండి, క్రిబ్ కొలతకు సరిగ్గా పట్టేది. ఇంటికి తెచ్చాక కిటికీకి, కర్టెన్ తాళ్లకు, చార్జర్ వైర్లకు దూరంగా వేయండి. పాపాయి లేచి నిలబడి చెయ్యి చాపినా ఏదీ అందకూడదు.