స్టార్లకే మంచి టైము ఇస్తారని టెన్నిస్ కామెంటేటర్లు అంటారు. నిజమేనా? మ్యాచ్‌లు తెల్లవారుజాము దాకా ఎందుకు సాగుతాయి?

రెండో ప్రశ్న లెక్కలతో తేలిపోతుంది కాబట్టి ముందు అది. యూఎస్ ఓపెన్‌లో ఆర్థర్ ఆష్ స్టేడియంలో నైట్ సెషన్ సాయంత్రం 7కి (మనకు తెల్లవారుజామున 4:30) మొదలవుతుంది. సాధారణంగా రెండు సింగిల్స్ మ్యాచ్‌లు ఉంటాయి. దానికి టికెట్లు వేరు. పగటి ఆట సాగితే ఆ జనం బయటికెళ్లి, రాత్రివాళ్లు లోపలికి వచ్చేదాకా ఆగాల్సిందే. మగవాళ్ల ఐదు సెట్ల ఆట నాలుగు గంటలు దాటడం కొత్తేమీ కాదు.

"ఆడవాళ్ల మ్యాచ్ ముందు పెడితే సరిపోతుంది" అని కామెంటరీలో తరచూ వినపడుతుంది. అది సగం పరిష్కారమే. 2022 క్వార్టర్ ఫైనల్స్ రాత్రి ముందు ఆడిన ష్వియాంటెక్, పెగూలా మ్యాచ్ రెండు సెట్లలోనే అయిపోయింది. అయినా తర్వాత దిగిన అల్కరాజ్, సినర్ 5 గంటల 15 నిమిషాలు ఆడారు. ముగిసేసరికి 2:50. వరస తిప్పితే ఆ భారం ఆడవాళ్ల మీద పడుతుంది: 2024లో జెంగ్, వెకిచ్ మ్యాచ్ 2:15కి ముగిసింది.

పారిస్‌లో జరిగే ఫ్రెంచ్ ఓపెన్‌లో రాత్రి ఒక్కటే మ్యాచ్, 8:15కి. అదీ పూర్తి రక్షణ కాదు. 2024లో వానవల్ల ఇంకో మ్యాచ్‌ను అదే కోర్టుకు మార్చడంతో జొకోవిచ్, ముసెట్టి ఆట 3:07 దాకా సాగింది. రాత్రి 11 తర్వాత మ్యాచ్ మొదలుపెట్టకూడదని మగవాళ్ల, ఆడవాళ్ల టూర్లు నడిపే ఏటీపీ, డబ్ల్యూటీఏ 2024లో నియమం తెచ్చాయి గానీ, నాలుగు పెద్ద టోర్నీలైన గ్రాండ్‌స్లామ్‌లకు అది వర్తించదు. అసలు లోపం ఇక్కడే ఉంది.

వింబుల్డన్‌లో రాత్రి 11కి ఆట ఆపాలన్నది స్థానిక కౌన్సిల్ పెట్టిన షరతు. 2023లో మర్రే 2-1 సెట్లతో ముందున్నప్పుడు ఆట ఆగింది, మర్నాడు సిట్సిపాస్ గెలిచాడు. అప్పుడు చాలామంది షరతునే తిట్టారు. నేను ఒప్పుకోను. సెంటర్ కోర్టులో ఆట మధ్యాహ్నం 1:30కి గానీ మొదలవదు. బయటి కోర్టుల్లో ఉదయం 11కే మొదలవుతుంది. తప్పు మొదలుపెట్టే టైముదే.

ఇక స్టార్ల సంగతి. కామెంటేటర్ మాట పక్కన పెట్టి, ముందురోజు సాయంత్రం వచ్చే ఆర్డర్ ఆఫ్ ప్లే (ఏ కోర్టులో ఏ మ్యాచ్ ఏ వరసలో అని చెప్పే జాబితా) తెరవండి. "నాట్ బిఫోర్ 7" (7కి ముందు మొదలవదు) అని ఉన్నవాళ్లకు ఎప్పుడు తినాలో, ఎప్పుడు వార్మప్ చేయాలో కచ్చితంగా తెలుసు. బయటి కోర్టులో నాలుగో మ్యాచ్ ఆడేవాళ్లు పై మూడు ఆటలు ఎప్పుడు ముగుస్తాయా అని చూస్తూ, అరటిపండు తినాలా, భోజనం చేయాలా తేల్చుకోలేక కూర్చుంటారు. పక్షపాతం ఉందంటే ఇదే, చిన్నది కాదు. తర్వాత డ్రా (ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టిక) చూడండి. మొదటి రౌండ్ మూడు రోజులపాటు జరిగే టోర్నీల్లో కొందరికి అదనంగా ఒకరోజు విశ్రాంతి దొరుకుతుంది. దీన్ని కామెంటరీలో చాలా తక్కువగా ప్రస్తావిస్తారు.

మాజీ ఆటగాళ్లు శరీరం గురించి చెప్పేది నమ్మండి. మ్యాచ్ అయ్యాక ప్రెస్, డోపింగ్ పరీక్ష, మసాజ్, తిండి అన్నీ ముగిసి నిద్రపట్టేసరికి గంటలు గడుస్తాయని వాళ్లకు అనుభవమే. కానీ టైముల విషయంలో టోర్నీ రిఫరీ ఒక్కడినే తప్పుపట్టినప్పుడు జాగ్రత్తగా వినండి. రాత్రి ఆట ప్రసారానికి డబ్బు కట్టేది ఆ కామెంటేటర్‌కు జీతమిచ్చే చానెలే కావచ్చు. ఒక ఆటగాడి బృందంలో ఉంటూనే మైకు పట్టుకునేవాళ్లూ ఉన్నారు. 2016లో మాజీ చాంపియన్, కామెంటేటర్ జాన్ మెకన్రో ఆటగాడు మిలోస్ రావ్‌నిచ్‌కు సలహాదారుగా ఉన్నాడు.