ముందు ప్రశ్నలు రాయి

తమ్ముడికి,

ఆశీస్సులు. మీ జిల్లా కమ్యూనిటీ రేడియోలో వారం వారం ముఖాముఖి నడిపే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన స్క్రిప్టు శ్రద్ధగా చదివాను. పరిచయ వాక్యాలు ఎంతో అందంగా ఉన్నాయి. నా దిగులంతా వాటి గురించే. అతిథి నోరు విప్పేలోపు పేజీ నిండిపోయింది. ఆ పేజీ కొట్టెయ్యి.

ముఖాముఖిలో నీ రచన అంతా ప్రశ్నల్లోనే ఉంటుంది. కథకు మొదటి వాక్యం వెతికినంత ఓపికగా ప్రశ్నను వెతుకు. "వ్యవసాయంలో మహిళల పాత్రపై మీ అభిప్రాయం ఏమిటి?" అని రాశావు. దానికి ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. "ఈ ఏడు ఏ విత్తనం వేయాలో మీ ఇంట్లో ఎవరు తేల్చారు?" అని అడిగి చూడు. అత్తగారి మాట వస్తుంది, అప్పు ఊసు వస్తుంది, నిరుటి వాన వస్తుంది. ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ పెట్టకు. వినేవాళ్లకు రెండోదే గుర్తుంటుంది, మొదటిది గాలికి పోతుంది.

జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూర్ సంఘం రేడియో గురించి తప్పక తెలుసుకో. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన ఊరి సంఘాల్లోని దళిత మహిళలు గొంతునిచ్చిన కేంద్రం అది. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి తమ మాటలను, పాటలను టేపుల మీద రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలయ్యాయి. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆయన రాసిందే. అక్కడ కొర్రల గురించి అడిగే మనిషికీ, చెప్పే మనిషికీ కొర్రచేను తెలుసు. అందుకే ప్రశ్న చిన్నగా, జవాబు పెద్దగా ఉంటుంది. మీ ఊరి ముసలమ్మ తన యాసలో చెబుతుంటే నువ్వు పుస్తక భాషలోకి మార్చి మళ్లీ చెప్పావట. ఆ పని ఇంకెప్పుడూ చేయకు, నాకు చాలా బాధ కలిగింది. ఆమె మాట ఆమె నోటనే నిలవాలి.

ఆమె గుర్తు చేసుకుంటూ ఆగినప్పుడు నువ్వూ ఆగు. "ఊఁ", "అవునా" అంటూ ఆ ఖాళీ నింపకు. అవి ఆమె గొంతు మీద పడితే ఎడిటింగ్‌లో తీయలేం. కళ్లతో, తల ఊపుతూ వింటున్నట్టు తెలియజేస్తే చాలు. పురుగుమందు మోతాదు లాంటి అంకెలు మాత్రం రెండుసార్లు చెప్పించు. శ్రోత పేజీ వెనక్కి తిప్పి చూసుకోలేడు కదా.

బతుకుదెరువు సంగతి అడిగావు. ఆకాశవాణిలో క్యాజువల్ ఎనౌన్సర్లకు డ్యూటీ లెక్కన డబ్బు ఇస్తారు, దొరికే డ్యూటీలు కొన్నే. కమ్యూనిటీ రేడియోల చేతిలో అంతకన్నా తక్కువ. చేస్తున్న ఉద్యోగం వదలకు. సాయంత్రాలు రేడియోకి ఇవ్వు.

వచ్చే వారం బీడీ కార్మికులతో మాట్లాడతానన్నావు. రికార్డింగుకు ముందే ప్రశ్నలు నాకు పంపు. పరిచయం మూడు వాక్యాలు దాటకూడదు.

నీ అన్నయ్య