సంచి మామగారిది, మరి చీటీ ఎవరిది?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 36 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఉదయం ఎనిమిదికల్లా ఇల్లు వదలాలి. మా ఆయనకు 41, రేణిగుంటలో ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. అత్తగారు పోయి మూడేళ్లయింది. మామగారికి 71. రోజూ ఆయనే మార్కెట్‌కు పోయి తన పింఛను డబ్బుతో కూరగాయలు తెస్తారు. చౌకగా ఉన్నాయని మూడు కిలోల బీన్స్, రెండు కిలోల వంకాయలు తెచ్చేస్తారు. ఆ సంచి ఇంటికొచ్చేది ఏడున్నరకు, నేను బాక్సులు కట్టే వేళకు. వారానికి రెండుసార్లు కుళ్లినవి కవర్లో చుట్టి, ఆయన కంట పడకుండా స్కూలుకు పోతూ దారిలో పారేస్తున్నాను. అంగడి సరుకులు కూడా నేనే చూసుకోవాలి. మా ఆయనతో అంటే ‘నాయన తెస్తున్నాడు కదా, సర్దుకో’ అంటారు. ఇకమీదట కూరగాయలు ఫోన్లో తెప్పించుకుంటామని మామగారికి నొప్పి కలగకుండా ఎలా చెప్పాలి?

జవాబు: అమ్మా, ఆ మాట మామగారితో అనకండి. ఎంత మెత్తగా చెప్పినా ‘ఇక మీతో పని లేదు’ అన్నట్టే ఆయన చెవిన పడుతుంది. ఫోన్లో తెప్పించుకోవడం తప్పేమీ కాదు. వానల్లో, పరీక్షల రోజుల్లో నిక్షేపంగా తెప్పించుకోండి. మీ ఇంటి చిక్కు మాత్రం దానితో తీరదు.

మీ ఉత్తరం నిండా మామగారే ఉన్నారు. మీ ఆయన ఒక్క వాక్యంలో వచ్చి, ‘సర్దుకో’ అని వెళ్లిపోయారు. నేను పట్టుకున్నది ఆ వాక్యాన్నే. ఇద్దరు పిల్లల తండ్రి తన ఇంట్లో తాను ఇంకా బడి నుంచి వచ్చిన పిల్లాడిలా ఉన్నారు. కూరగాయలు నాయన తెస్తాడు, సరుకులు భార్య తెస్తుంది, అన్నం పళ్లెంలోకి వస్తుంది. తండ్రితో ఈ సంగతి ఎత్తితే రేపటి నుంచి డబ్బు తాను తీయాలి, లెక్క తాను చూడాలి. అందుకే నోరు విప్పరు. దాన్ని ఆయన తండ్రి మీద గౌరవం అనుకుంటూ ఉండవచ్చు. నేను ఒప్పుకోను. డెబ్భై ఒక్కేళ్ల తండ్రి మోసుకొచ్చింది చెత్తలోకి పోతోందని తెలిసి కూడా ఊరుకునే కొడుకుది గౌరవం ఎలా అవుతుంది?

మామగారు మూడు కిలోలు ఎందుకు తెస్తున్నారో చూడండి. అత్తగారు ఉన్నప్పుడు ‘అరకిలో చాలు, వంకాయ వద్దు, నిన్ననే చేశాను’ అని చెప్పడానికి ఆవిడ ఉండేది. ఇప్పుడు అలా చెప్పేవాళ్లు లేరు. కోడలిగా మీరు చెప్పలేరు, కొడుకు చెప్పడు. ఇక ఆయనకు మిగిలిన కొలత ధర ఒక్కటే. టమోటాకు పేరుపడ్డ మదనపల్లె మార్కెట్ మన దగ్గర్లో ఉండి కూడా 2023 జూలైలో మనం టమోటా కిలో వందకు పైగా పెట్టి కొన్నాం. ఇంకో ఏడాది అదే టమోటాకు కోత కూలి రాక రైతులు రోడ్డు పక్కన పారబోస్తారు. ఈ రెండూ ఏళ్ల తరబడి చూసిన మనిషికి, చౌకగా దొరికిన రోజు వట్టి చేతుల్తో ఇంటికి రావాలంటే మనసొప్పదు.

కాబట్టి మామగారితో మాట్లాడాల్సింది మీ ఆయన. మీరు పక్కన కూడా ఉండకండి. అన్నం దగ్గర వద్దు, పిల్లల ముందు వద్దు. సాయంత్రం కాఫీ వేళ, తండ్రీ కొడుకులు ఇద్దరే ఉన్నప్పుడు, ‘నాయనా, రేపటి నుంచి ఏమేం కావాలో రాత్రే నేను చీటీ రాసిస్తా. రాసినంతే తీసుకురా. డబ్బు నేనిస్తా, నీ పింఛనుతో పిల్లోళ్లకు పండ్లు తెచ్చిపెట్టు’ అంటే చాలు. ‘అది కష్టపడుతోంది’ అని మీ పేరు అందులోకి రాకూడదు. వస్తే అది కోడలి ఫిర్యాదు అయిపోతుంది, పెద్దాయన రేపటి నుంచి మీ ముఖం చూడటానికే ఇబ్బంది పడతారు.

మాటతో పాటు ఒక లెక్క కూడా కాగితం మీద వేసి చూపించమనండి. ఆ తరం వాళ్లు లెక్కకు విలువిస్తారు. కిలో 60 ఉన్న బీన్స్ మూడు కిలోలు వందకు వచ్చాయనుకుందాం. ఐదుగురికి బీన్స్ తాలింపు చేయడానికి ముప్పావు కిలో చాలు. వారంలో రెండుసార్లకు మించి పిల్లలు ముట్టరు. అంటే వాడుకున్నది కిలోన్నర, మిగతాది పారేశారు. వందకు కిలోన్నర అంటే కిలో 66 రూపాయలు పైనే పడింది. పొద్దున్నే కుప్పపోసి తక్కువకు ఇచ్చేది చాలాసార్లు నిన్న మిగిలిన సరుకు, అందుకే ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగో రోజుకు జిగురు పడుతుంది. రైతు బజార్లో ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు. ఆ ధరకే తాజా కాయ పూటకు ముప్పావు కిలో చొప్పున కొంటే ఖర్చు తక్కువ.

చీటీ సంగతి ముఖ్యం, శ్రద్ధగా వినండి. అది మీ ఆయన చేత్తో రాయాలి, మీరు చెబుతుంటే రాయడం కాదు. రాత్రి భోజనాలయ్యాక ఆయనే ఫ్రిజ్ తెరవాలి, ఎర్రగడ్డల (ఉల్లిపాయల) బుట్ట చూడాలి, ఏది ముందు వండేయాలో తేల్చి అప్పుడు రాయాలి. మొదటి వారం ‘ఏం రాయమంటావ్?’ అని అడుగుతారు. ‘ఏముందో చూసి రాయండి’ అనండి, అంతకంటే సాయం చేయకండి. సంచి మోయడం అరగంట పని. ఏది ఉంది, ఏది అయిపోవచ్చింది, ఏది రేపటికి పాడవుతుంది అని రోజంతా తలలో మోయడమే అసలు బరువు. ఇన్నాళ్లూ అది మీ ఒక్కరి తలమీదే ఉంది.

ఐదుగురి ఇంటికి రోజుకు రెండు కూరలకు కిలో కూరగాయలు సరిపోతాయి. వంకాయ అయితే అరకిలో పైన, ఆకుకూర పప్పులోకి రెండు కట్టలు, ఆకును మెదిపి చేసే పులగూరకు మూడు నాలుగు కట్టలు. టమోటా వారానికి రెండు కిలోలు, అందులో సగం దోరవి తేవాలి. అవి బయటే పెట్టాలి. దోర కాయను ఫ్రిజ్‌లో పెడితే సరిగా పండదు, రుచి చప్పబడుతుంది. బీరకాయ, ఆకుకూర తెచ్చిన మర్నాటికల్లా పొయ్యెక్కాలి. బీన్స్, క్యారెట్ నాలుగైదు రోజులు ఆగుతాయి. ఆకును కడిగి దాస్తే కుళ్లుతుంది. తడి లేకుండా పాత నూలు గుడ్డలో చుట్టి పెట్టి, వండే ముందు కడగాలి. ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు), ఎర్రగడ్డలు ఒకే బుట్టలో వేయకండి, ఉర్లగడ్డకు తొందరగా మొలకొస్తుంది. పచ్చరంగు తిరిగిన ఉర్లగడ్డ ఎంత చౌకైనా వద్దు.

మీ ఏడున్నర ఇబ్బందికి మందు ఒకటే: ఈ రోజు సంచి రేపటి వంటకు. మామగారు తెచ్చింది ఆ ఉదయం మీరు ముట్టుకోనక్కర్లేదు. సిర్రాకో చెంచలాకో, ఏ ఆకుకూర తెచ్చినా గిల్లే పని కూడా ఆయనకే అప్పగించండి. ‘మామా, మీరైతే ముదురు కాడ రానివ్వరు’ అని మనస్ఫూర్తిగా అడగండి, చేస్తారు. చీటీ ప్రకారం అయితే సంచి మూడు నాలుగు కిలోలు దాటదు, ఆ వయసులో అదే మంచిది. మన ఊరి ఎండలకు మే నెలలో ఏడుకు ముందే తిరిగొచ్చేయాలి.

నెల సరుకులు పూర్తిగా మీ ఆయనవి. ‘సాయం’ అనే మాట రానివ్వకండి, ఆ పని ఆయనదే. నెలాఖరున డబ్బాలు తెరిచి చూసి, రాసి, అంగడికి పోయి, బిల్లు సరిచూసి, తెచ్చినవి డబ్బాల్లో పోసేదాకా ఆయనే. పోయడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. పాత కందిపప్పు అడుగున ఉండగానే కొత్తది పైన పోస్తారు. అడుగుది నెలల తరబడి కదలదు, పురుగు అక్కడ పుట్టి డబ్బా మొత్తం పడుతుంది. పాతది పళ్లెంలోకి తీసి, డబ్బా తుడిచి ఆరనిచ్చి, కొత్తది అడుగున పోసి, పాతది పైన పోయాలి.

మీ ఐదుగురికి నెలకు 26 కిలోల సోనా మసూరి బస్తా ఒకటి, కందిపప్పు మూడు కిలోలు, ఇడ్లీ దోసెలకు మినపగుండ్లు రెండున్నర కిలోలు, సంగటికి రాగిపిండి రెండు మూడు కిలోలు, చెనక్కాయ (వేరుశనగ) నూనె మూడు లీటర్లు, చెనగ్గింజలు కిలోన్నర. ఈ లెక్కతో మొదలుపెట్టి, రెండు నెలల్లో మీ ఇంటి వాడకానికి ఆయనే సరిచేసుకుంటారు. బియ్యం పాతవా అని అడిగి తీసుకోవాలి, కొత్తవైతే అన్నం ముద్దవుతుంది. నూనె ప్యాకెట్ మీద నికర బరువు చదవాలి. లీటరు చెనక్కాయ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, లీటరు ప్యాకెట్‌లాగే కనబడి అంతకు తక్కువ ఉన్నవి ఉంటాయి. చెనగ్గింజల్లో బూజు పట్టినవి, ముడుచుకుని నల్లబడినవి ఏరి పారేయాలి, వేయించినా ఆ బూజు విషం పూర్తిగా పోదు. వానాకాలంలో పప్పులు నెలకు మించి కొనవద్దు.

ఏడాది సరుకులు తండ్రీ కొడుకులు కలిసి చూసుకోవచ్చు. కొత్త చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దిగుతుంది. నెలకు అరకిలో వాడకం అయితే ఏడాదికి ఆరు కిలోలు. గింజ, పీచు తీసి, ఎండబెట్టి, రాళ్లుప్పు చల్లి జాడీలో తొక్కి పెట్టాలి. మంచి చింతపండేదో మామగారి చేతికి తెలిసినంత మనకు తెలియదు. ఆ పని కొడుకు ఆయన దగ్గర నేర్చుకోవాలి.

ఇప్పుడు మీ వంతు. ఒకటి, కుళ్లినవి దొంగచాటుగా పారేయడం ఈ రోజే ఆపండి. మీరు చేసిన తప్పుకా అలా చుట్టి దాచి మోసుకుపోతున్నారు? ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. ఆదివారం రాత్రి ఫ్రిజ్ శుభ్రం చేసే పని మీ ఆయనది. ఎన్ని పోయాయో ఆయన చేత్తో తీసి చూడాలి. నాయన డబ్బు అది, చూడాల్సిన కన్ను ఆయనదే.

రెండు, మీ ఆయన తెచ్చినదాన్ని మళ్లీ మీరు సరిదిద్దకండి. గుండ్లు అడిగితే బద్దలు తెస్తారు, నాయన బదులు తాను మార్కెట్‌కు పోయిన రోజు లేత బెండకాయ అనుకుని ముదురువి తెస్తారు. ఆ ముదురు బెండకాయనే వండి పెట్టండి. బెండకాయ కొన విరిచి చూడాలని ఒక్కసారి చెప్పండి, పదిసార్లు వద్దు. మీరు వెంటనే అంగడికి పరిగెత్తి సరైనది తెచ్చారంటే పని మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. ‘నాకొద్దు, నీకే బాగా తెలుసు’ అనడానికి ఆయనకు దారి దొరుకుతుంది. ఇంటి సామాను ఎంచడం ఆడవాళ్లకే వస్తుందనే మాట నేను నమ్మను. మీ మామగారే సాక్ష్యం.

ఆయన ససేమిరా అంటే? ‘వచ్చే నెల నుంచి సరుకులు నేను తేను’ అని ఒకసారి స్పష్టంగా చెప్పి, చెప్పినట్టే ఉండండి. పిల్లల పాలు, మామగారి మందులు తప్ప మిగతావి ముట్టుకోకండి. ఇరవై రెండో తేదీకి పప్పు అయిపోతే అయిపోనివ్వండి. ఆ పూట రసం అన్నం తిందురుగాని, ఎవరికీ ప్రాణం మీదికి రాదు. ఆ కోపం మాత్రం పెద్దాయన సంచి మీద చూపకండి. ఈ ఇంట్లో తన పని తాను చేస్తున్న మగమనిషి ప్రస్తుతం ఆయన ఒక్కరే.

చీటీకి లొంగని రోజు ఒకటి ఉంది, దాన్ని ఆయనకే వదిలేయండి. చలికాలం అనపకాయలు దిగినప్పుడు మామగారు మూడు కిలోలు తెస్తే ఏమీ అనకండి. ఐదుగురికి పితికిపప్పు కూర కావాలంటే ఆ మాత్రం కాయ పడుతుంది. శనివారం సాయంత్రం అందరూ కూర్చుని వలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, ఆదివారం పొద్దున తొక్క ఊడేలా పితకండి. ఆ పీట మీద మీ ఆయన్ని మామగారి పక్కనే కూర్చోబెట్టండి, ఫోను చేతికివ్వకుండా.