సమాధానం: పనస పలక మంట పరీక్షలో ఎందుకు పోయింది

బొబ్బిలి మిత్రుడు గారూ, పాత ఎయిర్‌బస్ ఏ320 విమానాన్ని సొంత జెట్‌గా మారుస్తున్నవాళ్లకి మీరు పంపిన 12 మిల్లీమీటర్ల పనస పలక మంట పరీక్షలో పోయిందన్నారు. వీణకి పనసను మించింది లేదు గానీ, క్యాబిన్ గోడకి నిండు చెక్క పనికిరాదండీ. బరువు ఒకటి, మంట రెండోది.

గోడ, అల్మరా పలకల నమూనాని నిలువుగా పట్టి, కింద మంట 60 సెకన్లు పెడతారు. మంట తీశాక 15 సెకన్లలో ఆరాలి, కాలిన పొడవు సగటున 6 అంగుళాలు దాటకూడదు. సోఫా గుడ్డకి, తివాచీకి 12 సెకన్లే, 8 అంగుళాల దాకా ఒప్పుకుంటారు.

పనసని అర మిల్లీమీటరు వెనీర్‌గా, అంటే పల్చటి చెక్క పొరగా కోయించి, ఫినాలిక్ (మంటని తట్టుకునే రెసిన్) గ్లాస్ ఫైబర్ పొరలున్న నోమెక్స్ హనీకోంబ్ పలక మీద అంటించండి. మంటని తట్టుకునే నోమెక్స్ కాగితంతో తేనెపట్టు గదుల్లా చేసిన తేలిక పలక అది. జిగురూ పాలిషూ మంటని తట్టుకునే రకమే కావాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: మెరుపు కోసం పూత మీద పూత వేస్తే ముందు ఆ పొరే అంటుకుంటుంది. లోతు చెక్కుడు వెనీర్ మీద కుదరదు, రంగు తేడా చెక్క ముక్కల్ని పొదిగి డిజైను చెయ్యండి.

నమూనాలు కనీసం మూడు, అసలు పలకలో ఉండే పొరలు, మందంతోనే చెయ్యాలి. పరీక్షకి ముందు 21 డిగ్రీలు, 50 శాతం తేమలో 24 గంటలు ఉంచాలి.

ధర చెప్పేముందు సీట్లెన్నో అడగండి. 20కి చేరితే పెద్ద పలకలకి, కాలేటప్పుడు వచ్చే వేడి, పొగ ఎంతో చూసే పరీక్షలు కూడా మామూలుగా ఉంటాయి.